దున్నేవాడికి పేరు పెట్టిందెవరు?

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు గట్టిగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు మీకు ఒక కాగితం చూపిస్తాను. ఇదిగో. అక్కడినుంచి సరిగ్గా కనపడదు, అయిపోయాక దగ్గరకొచ్చి చూడండి. మడతల దగ్గర చిరిగిపోతోంది, అందుకే ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో, బట్టల అడుగున దొరికింది. ఉర్దూలో ఉంది. మా ఇంట్లో ఉర్దూ చదివేవాళ్ళు ఎవరూ లేరు. మా తాతకైతే తెలుగులో సంతకం పెట్టడం కూడా రాదు. కింద, ఈ మూల, నల్లగా మచ్చలా ఉంది చూడండి, అది ఆయన బొటనవేలు. నేను ఒక ఉర్దూ మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకున్నాను. పెళ్ళి ఖర్చు కింద నూట యాభై రూపాయలు, హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయల్లో, తీసుకున్నాడట. అది తీరేదాకా ఆ దొర దగ్గర భగేలాగా పనిచేస్తాడట. అంతా కలిపి ఏడు పంక్తులు. నాలుగో పంక్తిలో ఒక మాట చెరిగిపోయింది, మాస్టారికి కూడా అంతుపట్టలేదు.

భగేలా. ఈ మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. మా నాయనమ్మ ఎప్పుడు చెప్పినా "మీ తాత దొర దగ్గర జీతముండె" అనేది. జీతగాడు అనేది. జీతం అంటే ఏమిటి? సంస్కృతంలో జీవితం. అదే మన నోట్లో అరిగి జీతం అయింది. అంటే బతుకు. మా నాయనమ్మ ఆయన్ని బతుకుతెరువు ఉన్న మనిషిగా చెప్పుకుంది. కాగితం ఆయన్ని ఇంకో పేరుతో రాసుకుంది. మనిషి ఒక్కడే, పేర్లు రెండు. ఒకటి ఇంటివాళ్ళు పెట్టుకున్నది. ఇంకోటి, ఆయన చదవలేని భాషలో, ఆయన వేలిముద్రకి పైన ఎవరో రాసింది.

ఈ కాగితం దొరికినప్పటినుంచి నన్ను ఒకటే ప్రశ్న పట్టుకుంది. భూమికి కట్టేసిన మనుషులకి, దొర పొలంలో ఊరకే పనిచేసిన మనుషులకి, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ పేర్లు పెట్టారు? ఆ పేరు పెట్టింది ఎవరు? పెట్టిన రోజున దాని అర్థం ఏమిటి, తర్వాత ఏమైంది? దానికోసం నేను యూరప్ చరిత్రలోకి వెళ్ళాను. ఎందుకంటే అక్కడ వెయ్యేళ్ళ పత్రాలు మిగిలాయి, ఒక మాట ఏ శతాబ్దంలో ఎలా ఉందో వేలు పెట్టి చూపించొచ్చు. ఇవాళ ఎక్కువసేపు అక్కడే ఉంటాం. చివర్లో మన దగ్గరికి వద్దాం.

స్కూల్లో మనందరం ఫ్యూడల్ వ్యవస్థ చదువుకున్నాం. పైన రాజు, కింద ప్రభువులు, అందరికన్నా కింద సెర్ఫ్. ఈ సెర్ఫ్ అన్న మాట దగ్గర తెలుగులో రాసేవాళ్ళు ఇబ్బంది పడతారు. కొందరు అర్ధబానిస అన్నారు. కొందరు బానిస రైతు అన్నారు. కొందరు సెర్ఫ్ అనే ఉంచేశారు. ఇబ్బంది ఎందుకో తెలుసా? ఆ మనిషిని ఊళ్ళోంచి తీసుకెళ్ళి సంతలో అమ్మడం మామూలుగా కుదరదు, కాబట్టి పూర్తి బానిస కాదు. కానీ ఊరొదిలి తనంతట తాను పోలేడు, కాబట్టి స్వేచ్ఛ ఉన్న రైతూ కాదు. పొలం చేతులు మారితే పొలంతో పాటు, గట్టుమీది చెట్టులాగా, అతనూ చేతులు మారతాడు.

సెర్ఫ్ అన్న మాట లాటిన్‌లోని సెర్వుస్ నుంచి వచ్చింది. రోమన్ల రోజుల్లో సెర్వుస్ అంటే అచ్చంగా బానిస. కొనొచ్చు, అమ్మొచ్చు. రోమ్ సామ్రాజ్యం పడిపోయాక ఆ మాట మెల్లగా పొలానికి కట్టుబడిన మనిషి మీదికి జరిగింది. మరి అచ్చమైన బానిసకి కొత్త మాట కావాలి కదా? అప్పుడు యూరప్ ఏం చేసింది? తూర్పున ఉన్న స్లావ్ జాతుల్ని పట్టుకొచ్చి సంతల్లో అమ్ముతున్న రోజులవి. ఆ జాతి పేరే బానిసకి పేరైంది. ఇంగ్లీషులో స్లేవ్, ఫ్రెంచిలో ఎస్‌క్లావ్, జర్మన్‌లో స్‌క్లావె, అన్నీ స్లావ్ అన్న మాటే. ఒక్కసారి ఆలోచించండి. ఒక జాతి మొత్తం పేరు, వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరు, పక్కవాళ్ళ భాషల్లో బానిస అయిపోయింది.

కథ అంతటితో అయిపోలేదు. బానిస పైకి వచ్చి సెర్ఫ్ అయితే, ఇంకోపక్కనుంచి ఒక స్వేచ్ఛగల మనిషి కిందికి దిగి సెర్ఫ్ అయ్యాడు. అతని పేరు కొలోనుస్. సేద్యం చేసేవాడని అర్థం. కౌలుదారు. కౌలు కడతాడు, నచ్చకపోతే వెళ్ళిపోతాడు. క్రీస్తుశకం 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక శాసనం చేశాడు. పారిపోవాలని చూసే కొలోనుస్‌కి బానిసకి వేసినట్టే సంకెళ్ళు వెయ్యొచ్చని అందులో ఉంది. పన్ను లెక్కలు తప్పిపోకుండా మనుషుల్ని ఊళ్ళకి కట్టెయ్యాలి, అదీ రాజ్యం అవసరం. పేరు మారలేదు చూడండి. నిన్న కొలోనుస్, ఇవాళా కొలోనుస్. పేరు కింద నేల మాత్రం కదిలిపోయింది.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పాలి. మాట దానంతటది దిగజారదు. భాష అరిగింది, కాలం మారింది, అర్థం మారిపోయింది అని మనం తేలిగ్గా అనేస్తాం. నేను చూసిన ప్రతి మాట దగ్గరా, అర్థం కిందికి దిగిన చోట ఒక చట్టమో, ఒక కోర్టో, ఒక కాగితమో కనపడింది. ముందు మనిషిని దించారు. మాట అతని వెనకే దిగింది.

ఇంగ్లండు తీసుకుందాం. ఆ రోజుల్లో అక్కడ సెర్ఫ్ అనే పిలుపు వాడుకలో లేదు. విలెయిన్ అనేవాళ్ళు. విల్లా అంటే పొలాల మధ్య ఉన్న పెద్ద ఇల్లు, దాని చుట్టూ ఉన్న భూమి. ఇప్పుడు హైదరాబాదు చుట్టూ వెంచర్లవాళ్ళు బోర్డులమీద రాస్తున్నారే, ఆ విల్లానే. విల్లాకి చెందినవాడు విలానుస్. ఊరివాడు, అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక, విలియం రాజు దేశమంతా లెక్క రాయించాడు. ఏ ఊళ్ళో ఎన్ని నాగళ్ళు, ఎన్ని పందులు, ఎంతమంది మనుషులు, అన్నీ. 1086లో పూర్తయిన ఆ లెక్కని డూమ్స్‌డే పుస్తకం అంటారు. దాంట్లో సుమారు లక్షా తొమ్మిది వేల మందిని విలానుస్ అని రాశారు. వేరే పద్దు కింద సుమారు ఇరవై ఎనిమిది వేల మందిని సెర్వుస్, అంటే బానిసలు అని రాశారు. పద్దులు రెండూ వేరు. విలానుస్ బానిస కాదని ఆ లెక్క రాసిన గుమాస్తాకి బాగా తెలుసు.

మరి ఇంకో వందేళ్ళలో ఏమైంది? బానిసల పద్దు మాయమైపోయింది. విలెయిన్ ఆ ఖాళీలోకి దిగాడు. 12వ శతాబ్దం చివరినాటికి రాజుగారి కోర్టులు గట్టిపడ్డాయి. భూమి తగాదా ఉంటే ఎవరైనా రాజు కోర్టుకి వెళ్ళొచ్చు, విలెయిన్ తప్ప. అతని తగాదా అతని దొర కోర్టులోనే తేలాలి. దొర మీద ఫిర్యాదు దొర దగ్గరే! అయితే ఒక మనిషి విలెయినా కాదా అని తేల్చడం ఎలా? 13వ శతాబ్దంలో బ్రాక్టన్ పేరుమీద వచ్చిన న్యాయగ్రంథంలో ఒక గుర్తు చెప్పారు. రేపు పొద్దున్న తను ఏ పనికి వెళ్ళాలో ఇవాళ సాయంత్రం తెలియనివాడు విలెయిన్. ఎంత ఒత్తిడి ఉందండీ ఆ ఒక్క వాక్యంలో! రేపు ఎరువు తోలాలో, కంచె కట్టాలో, బండి కట్టాలో, పొద్దున్నే దొర మనిషి వచ్చి చెప్పేదాకా తెలియదు. తన చేలో పంట రాలిపోతున్నా సరే, ముందు దొర చేలో కోత.

ఇంకో గుర్తు ఉంది. కూతురి పెళ్ళి చెయ్యాలంటే దొరకి డబ్బు కట్టాలి. దాన్ని మెర్చెట్ అనేవాళ్ళు. అది కట్టినట్టు రుజువైతే చాలు, నువ్వు విలెయిన్‌వే అని కోర్టు తేల్చేది. పెద్దాయన చనిపోతే ఇంట్లో ఉన్న మంచి పశువుని దొర తోలుకుపోతాడు. దానికి హెరియట్ అని పేరు. ఇంట్లో శవం ఉంది. కొట్టంలోంచి ఆవుని విప్పుతున్నారు. నేను పేర్లు చెబుతున్నాను కానీ, ఆ పలుపు తాడు విప్పే చెయ్యి, గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆడమనిషి, అది మీరు మనసులో పెట్టుకోండి. పేర్లు మర్చిపోయినా పర్వాలేదు.

ఈ విలెయిన్ అన్న మాటే తర్వాత విలన్ అయింది. అవును, మన సినిమాల్లో విలన్. ఊరివాడు, పొలంవాడు, నీచుడు, దుర్మార్గుడు. మెట్లు దిగినట్టు దిగింది. పొలంలో పని చేసేవాడికి మర్యాద తెలియదు, మర్యాద తెలియనివాడికి నీతి ఉండదు, నీతి లేనివాడు దుష్టుడు. ఈ లెక్క ఎవరిది? కోటలో కూర్చున్నవాడిది. ఊళ్ళో ఎవరూ తమని తాము విలన్ అనుకోరు కదా.

అక్కడివాళ్ళే అన్నారు, మనం అనలేదు అనుకుంటున్నారా? తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. గ్రామ్యం అంటే ఏమిటండీ? గ్రామానికి చెందినది. మరి వ్యాకరణంలో దాని అర్థం ఏమిటి? తప్పు మాట, రాతకి పనికిరాని మాట. నాగరికం అంటే? నగరానికి చెందినది. దాని అర్థం మంచి నడవడి. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడినప్పుడు ఎదుటివాళ్ళు ఎత్తిన పెద్ద కర్ర ఇదే, ఇది గ్రామ్యం అని. ఊరి పేరు తిట్టు అయింది, పట్నం పేరు మెప్పు అయింది. విల్లాకి జరిగిందే గ్రామానికీ జరిగింది. ఈ పోలిక నాకు తట్టిన రోజు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఇంకో మాట చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. నార్మన్లు రాకముందు ఇంగ్లండులో మామూలు స్వేచ్ఛగల రైతుని చెయోర్ల్ అనేవాళ్ళు. చట్టంలో అతని ప్రాణానికి విలువ ఉంది. అతన్ని ఎవరైనా చంపితే 200 షిల్లింగులు పరిహారం కట్టాలి. దొరని చంపితే 1200. తేడా ఉంది, నిజమే, కానీ అతనికంటూ ఒక లెక్క ఉంది. తర్వాత ఆ చెయోర్ల్ కాస్తా చర్ల్ అయింది, ఇప్పుడు చర్లిష్ అంటే మోటు, మొరటు. సరే. ఇదే మాట జర్మన్ వైపు కార్ల్. మనిషి, మగవాడు అని అర్థం. ఆ పేరుతో ఒకాయన ఉన్నాడు, 800లో పోప్ చేత కిరీటం పెట్టించుకున్న షార్లమేన్. అతని పేరు కార్ల్. ఆయన ఎంత పెద్దవాడంటే, పక్కనున్న స్లావ్ భాషల్లో అతని పేరే రాజు అన్న మాటకి మూలమైంది. చెక్ భాషలో క్రాల్, రష్యన్‌లో కరోల్. చూశారా? ఒకే మాట. ఒక తమ్ముడు సింహాసనమెక్కి రాజు అయ్యాడు. ఇంకో తమ్ముడు పొలంలో మొరటువాడు అయ్యాడు. మాటలో ఏ లోపమూ లేదు. ఎవరి దగ్గర ఉన్నదన్నదే తేడా.

బానిసత్వాన్ని ఇంగ్లీషులో బాండేజ్ అంటారు కదా. చాలామంది కట్టెయ్యడం, బంధం అన్న అర్థంలోంచి వచ్చిందనుకుంటారు. మొదట్లో దానికీ దీనికీ సంబంధం లేదు. ఉత్తరాది నార్స్ భాషలో బోండి అంటే ఇంటి యజమాని, సొంత సేద్యం ఉన్న గృహస్థు. హస్బెండ్‌లో ఉన్న బెండ్ అదే. ఇల్లు కలవాడు. నార్మన్లు గెలిచాక ఆ గృహస్థులు పడిపోయారు, బోండి అంటే కట్టుబడ్డవాడు అయింది, బంధం అన్న మాట తర్వాత వచ్చి దాని పక్కన అతుక్కుంది. అదే స్వీడన్‌లో, నార్వేలో, ఐస్‌లాండ్‌లో ఆ మాట ఇప్పటికీ రైతుకి మర్యాదైన పేరు. అక్కడ దాన్ని ఎవరూ పడదొయ్యలేదు. బూర్ అన్న తిట్టు కూడా ఇంతే, అసలు అర్థం సేద్యగాడు. నైబర్, పొరుగువాడు అంటామే, దాంట్లో ఉన్నదీ ఆ బూరే. దగ్గరలో ఉన్న సేద్యగాడు. పక్కింటివాడిగా ఉన్నంతసేపు మంచివాడే.

మరి ఆ జనం ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1348లో ప్లేగు వచ్చింది. ఇంగ్లండులో మూడోవంతు నుంచి సగం దాకా జనం పోయారు. పని చేసేవాళ్ళు తగ్గిపోయారు, బతికినవాళ్ళు కూలి ఎక్కువ అడిగారు. 1351లో పాత కూలికే పని చెయ్యాలని చట్టం తెచ్చారు. పైగా తలపన్ను. 1381 జూన్‌లో ఎసెక్స్, కెంట్ జిల్లాల జనం లేచారు. వాట్ టైలర్, జాన్ బాల్ ముందు నిలబడ్డారు. ఆదాము తవ్వుతూ, అవ్వ వడుకుతూ ఉన్న రోజున దొర అనేవాడు ఎక్కడున్నాడని జాన్ బాల్ అడిగాడని చెబుతారు. వాళ్ళు ఊరూరా ముందు ఏం చేశారో తెలుసా? దొర కోర్టు కాగితాలు తగలబెట్టారు. ఆ చుట్టలమీద లాటిన్‌లో ఎవడు విలెయిన్, ఎవడు ఎన్ని రోజులు పని చెయ్యాలి, ఎవడి కూతురి పెళ్ళికి ఎంత కట్టాడు, అన్నీ ఉన్నాయి. తాము చదవలేని భాషలో తమ పేర్లు రాసి ఉన్న కాగితాలు. మా తాత కాగితం చేతిలో పట్టుకుని ఈ సంగతి చదువుతుంటే, ఏ కాగితం తగలబెట్టాలో వాళ్ళకి ఎంత కచ్చితంగా తెలుసో నాకు అర్థమైంది.

జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ళ కుర్రరాజు రెండో రిచర్డ్ వాళ్ళ ముందుకొచ్చి, విలెయిన్ పద్ధతి రద్దు చేస్తానని ఒప్పుకున్నాడు. గుమాస్తాలు కూర్చుని విడుదల పత్రాలు రాసిచ్చారు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో వాట్ టైలర్‌ని చంపేశారు. కొద్దిరోజులకే పత్రాలన్నీ రద్దు. ఆ పత్రాలు పట్టుకుని అడగడానికి వచ్చిన ఎసెక్స్ జనంతో రాజు ఏమన్నాడో వాల్సింగమ్ అనే సన్యాసి తన చరిత్రలో రాశాడు. మీరు పల్లెవాళ్ళు, పల్లెవాళ్ళుగానే ఉంటారు, ఇంకా హీనంగా ఉంటారు, అని. అతను వాడిన మాట రుస్తికుస్. పల్లెవాడు. అదే శాపం, అదే శిక్ష.

ఇక తూర్పుకి వెళ్దాం. రష్యాలో రైతుని క్రెస్త్యానిన్ అంటారు. అర్థం ఏమిటో ఊహించగలరా? క్రైస్తవుడు. 14వ శతాబ్దం దాటాక ఆ మాట రైతుకి స్థిరపడింది. లాటిన్‌లో చూస్తే పాగుస్ అంటే పల్లె ప్రాంతం, అక్కడుండేవాడు పాగానుస్. ఆ మాటే ఒకవైపు ఇంగ్లీషులో పేగన్ అయింది, క్రైస్తవుడు కానివాడు అని. పాగుస్ నుంచే ఇంకోవైపు ఫ్రెంచిలో పేయిజాన్, రైతు. అంటే పడమటి యూరప్‌లో క్రీస్తుని నమ్మనివాడికి పల్లెవాడి పేరు పెట్టారు, రష్యాలో క్రీస్తుని నమ్మేవాడి పేరు పల్లెవాడికి పెట్టారు. అంతకుముందు రష్యాలో రైతుకి స్మెర్ద్ అని ఇంకో పాత మాట ఉండేది. దానికి దగ్గరి క్రియకి కంపు కొట్టడం అని అర్థం. చెమట వాసన రైతుది, ముక్కు మూసుకున్నవాడు పేరు పెట్టాడు.

రష్యాలో 1497 నాటి చట్టం ప్రకారం రైతు దొరని వదిలి వెళ్ళడానికి ఏడాదికి ఒక్క గడువు ఉండేది. నవంబరు 26, యూరి పండగ. దానికి ముందొక వారం, తర్వాతొక వారం. పంట ఇంటికొచ్చాక, బాకీ కట్టి, బండిమీద సామాను వేసుకుని ఇంకో చోటుకి పోవచ్చు. 1580ల నుంచి ఈ సంవత్సరం వద్దు, ఈ సంవత్సరం వద్దు అని దాన్ని ఆపుతూ వచ్చారు. 1649 చట్టంతో పూర్తిగా మూసేశారు. పారిపోయినవాణ్ణి ఎన్నేళ్ళ తర్వాతైనా పట్టుకొచ్చి అప్పజెప్పొచ్చు. రష్యన్‌లో ఇప్పటికీ ఒక సామెత ఉంది. "ఇదిగో బామ్మా, నీ యూరి పండగ!" ఆశపడ్డది అందకుండా పోయినప్పుడు అంటారు. ఈ మాట ఏ దొరా పుట్టించలేదు. ఇది వాళ్ళది. బండి కట్టుకుని సిద్ధంగా ఉన్నవాడు ముసలమ్మతో అన్నట్టుగా ఉంది. నేను ఇప్పటిదాకా చెప్పినవన్నీ పైనుంచి పడ్డ మాటలు. ఇది కిందనుంచి వచ్చిన మాట. అందుకే ఇన్నేళ్ళు బతికింది.

ఆ దేశంలో దొర ఆస్తిని ఎకరాల్లో చెప్పేవాళ్ళు కాదు. ఆత్మల్లో చెప్పేవాళ్ళు. ఫలానా దొరకి మూడొందల ఆత్మలు. పీటర్ చక్రవర్తి పెట్టిన జనాభా లెక్కల్లో మగవాళ్ళనే లెక్కపెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు ఆత్మల లెక్కలోకి రారు. ఒకడు చనిపోయినా, మళ్ళీ లెక్కలు తీసేదాకా కాగితంమీద బతికే ఉంటాడు, అతని పన్ను కట్టాలి.

ఒక ఆత్మ ధర ఎంత? ఒక్క మనిషి సంగతి చెబుతాను. తారాస్ షెవ్‌చెన్‌కో. ఉక్రెయిన్ మహాకవి. 1814లో సెర్ఫుల ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే దొర ఇంట్లో పనికుర్రాడు. బొమ్మలు బాగా వేస్తాడని తెలిసి, తన ఇంటి చిత్రకారుడిగా పనికొస్తాడని దొర అతన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిలో పెట్టాడు. అక్కడి కళాకారులు అతని చెయ్యి చూసి ఆశ్చర్యపోయి, ఇతన్ని విడిపించాలనుకున్నారు. దొర అడిగిన ధర 2500 రూబుళ్ళు. బ్ర్యుల్లోవ్ అనే పెద్ద చిత్రకారుడు, జుకోవ్‌స్కీ అనే కవి బొమ్మ గీశాడు. ఆ బొమ్మకి లాటరీ పెట్టారు. ఆ డబ్బుతో 1838లో షెవ్‌చెన్‌కోని కొని వదిలేశారు. ఒక మనిషికి బదులు ఒక బొమ్మ. తర్వాత పదేళ్ళు కూడా స్వేచ్ఛగా ఉండనివ్వలేదు. 1847లో అతని కవితల్ని పట్టుకుని, సైన్యంలో వేసి, రాయకూడదు, బొమ్మలు గియ్యకూడదు అని చక్రవర్తి స్వయంగా రాసి పంపాడు. 1861 మార్చి 3న, మన క్యాలెండరు ప్రకారం, రెండో అలెగ్జాండర్ చక్రవర్తి సెర్ఫుల విడుదల పత్రం మీద సంతకం పెట్టాడు. రెండు కోట్లకు పైగా జనం. కానీ వెంటనే బయటపెట్టలేదు, రెండు వారాలు దాచి ఉంచారు. షెవ్‌చెన్‌కో మార్చి 10న చనిపోయాడు. సంతకం అయిపోయింది, ప్రకటన ఇంకా రాలేదు. ఆ మధ్యలో పోయాడు.

నీళ్ళు ఇస్తారా కొంచెం? థాంక్స్ అమ్మా.

ముందు వరసలో పిల్లలున్నారు, వాళ్ళకోసం ఒక మాట. రోబో అంటే మీకు తెలుసు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? చెక్ దేశం నుంచి. బొహీమియాలో రైతు వారంలో కొన్ని రోజులు తన ఎడ్లతో, తన నాగలితో దొర పొలంలో ఊరకే చేసే పనిని రోబోతా అనేవాళ్ళు. 1775లో అక్కడి రైతులు తిరగబడ్డారు. ఆ ఏడే మరియా థెరీసా మహారాణి, వారానికి మూడు రోజులకి మించి చేయించకూడదని ఆజ్ఞ ఇచ్చింది. పూర్తిగా పోయింది 1848లో. 1920లో కారెల్ చాపెక్ ఒక నాటకం రాశాడు. దాంట్లో మనుషుల కోసం పనిచేసే కృత్రిమ మనుషులు ఉంటారు. వాళ్ళకి ఏం పేరు పెట్టాలని ఆలోచిస్తుంటే, అన్న యోసెఫ్ చాపెక్ చెప్పాడు, రోబోట్ అని. అంటే వెట్టివాడు అన్నమాట. రోబోతా మూలాన్ని భాషాశాస్త్రవేత్తలు ఇంకా వెనక్కి తీసుకెళ్ళి, అనాథ అనే అర్థమున్న పాత మాటతో కలుపుతారు. ఇంగ్లీషు ఆర్ఫన్ దాని చుట్టమే. సంస్కృతంలో అర్భ, అర్భక కూడా దాని చుట్టమే. మన తెలుగులో అర్భకుడు అంటామే, బక్కవాడు, దిక్కులేనివాడు. దిక్కులేనివాడిని పనిలో పెట్టారు, ఆ పనికి అతని పేరే పెట్టారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వెట్టి. మా ఊళ్ళో ఎట్టి అనేవాళ్ళు. "ఎట్టికి పోయిండు." ఇది సంస్కృతంలోని విష్టికి వికృతి. ప్రకృతి వికృతులు చదివినవాళ్ళకి గుర్తుండాలి. కన్నడంలో బిట్టి, మరాఠీలో వేఠ్. ఎంత పాతది? గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర గిర్నార్ కొండమీద ఒక శాసనం ఉంది, క్రీస్తుశకం 150 నాటిది. సుదర్శన చెరువు కట్ట తెగిపోతే, రుద్రదాముడనే రాజు, ప్రజల్ని పన్నులతో, విష్టితో, బలవంతపు చందాలతో బాధపెట్టకుండానే కట్ట వేయించానని గొప్పగా చెక్కించుకున్నాడు. వెట్టి చేయించకపోవడం రాయిమీద చెక్కించుకునేంత వింత అన్నమాట. ఆ మాట అప్పటినుంచి పద్దెనిమిది వందల ఏళ్ళు నడిచి మా నాయనమ్మ నోటిదాకా వచ్చింది. మాట అరిగింది. పని అరగలేదు.

రైతు అన్న మాట కూడా చెప్పాలి. మనం ఎంతో గౌరవంగా రైతన్న అంటాం. అది అరబ్బీలోని రయ్యత్. మేపబడే మంద అని మొదటి అర్థం, దానిమీద పాలితులు, ప్రజలు అని. కాపరి రాజు, మంద జనం. మొగలాయి కాగితాల మీదుగా, తర్వాత కంపెనీవాళ్ళ రైత్వారీ శిస్తు పద్ధతి మీదుగా మన నోట్లోకి వచ్చింది. ఇందాకటినుంచి పడిపోయిన మాటలు చెబుతున్నాను కదా, ఇది పైకి లేచిన మాట. ఎవరు లేపారు? పోరాటాలు లేపాయి. రైతు సంఘాలు లేపాయి. పేరు పెట్టినవాళ్ళని పక్కన పెట్టి, ఆ పేరుని తమదిగా చేసుకుని జెండామీదికి ఎక్కించారు.

నిజాం రాజ్యంలో 1936లోనే భగేలా ఒప్పందాలకి హద్దులు పెడుతూ చట్టం వచ్చింది. కాగితం మీద వచ్చింది. ఊళ్ళో మాత్రం "నీ బాంచన్ కాల్మొక్తా" నడుస్తూనే ఉంది. గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందు నుంచి నడిచేటప్పుడు మా తాత చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడని నాయనమ్మ చెప్పేది. దొర ఇంట్లో లేకపోయినా సరే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమంతా మీకు తెలుసు. ఆ రోజుల్లో సంఘంవాళ్ళు ఊళ్ళల్లో దొరల దగ్గరున్న అప్పుపత్రాలు తగలబెట్టారు. అచ్చం ఎసెక్స్‌లో లాగానే. ఎవరూ వాళ్ళకి 1381 సంగతి చెప్పలేదు. మా తాత కాగితం ఆ మంటకి ఎలా తప్పించుకుందో, మా నాయనమ్మ దాన్ని ఎందుకు దాచిందో, ఆమె ఉండగా అడగాలని నాకు తట్టలేదు.

దేశం మొత్తానికి చట్టం 1975 అక్టోబరు 25న ఆర్డినెన్సుగా మొదలై, 1976లో చట్టమైంది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. దాంట్లో మొదట్లోనే, నిర్వచనాల దగ్గర, ఒక పెద్ద పేర్ల వరస ఉంది. లైబ్రరీలో ఉంటుంది, తీసి చదవండి. ఎందుకంత వరస? ఒక పేరు నిషేధిస్తే, మా దగ్గర అది కాదు, ఇది వేరే అంటారు. అందుకని ఏ ప్రాంతంలో ఏ పేరు ఉంటే ఆ పేరు రాశారు. కమియా, హర్వాయి, సేవక్, ఇలా పోతూ ఉంటుంది. ఆ వరసలో మనవి ఉన్నాయి. భగేలా ఉంది. జీతా ఉంది. పాలేరు ఉంది. చివర్లో వెట్టి ఉంది. మా నాయనమ్మ మాట, ఆ దొర గుమాస్తా మాట, రెండూ ఒకే పేరాలో ఉన్నాయి. మా తాత అప్పటికి ఐదేళ్ళ కిందటే పోయాడు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇప్పుడు ఈ కాగితం ఇక్కడ బల్లమీద పెడుతున్నాను. కవర్ తియ్యకండి, అంచులు రాలుతున్నాయి. మీలో ఉర్దూ పాత చేతిరాత చదవగలిగిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ నాలుగో పంక్తి ఒకసారి చూడండి. మా తాత పేరుకి ముందే ఉంది ఆ చెరిగిపోయిన మాట. అక్కడ ఆయన్ని ఏమని రాశారో నాకు చెప్పండి.